చదువు: లేదు

కొత్త మందు ట్రయల్‌కు నా భార్య సరిపోతుందని ఆసుపత్రివాళ్ళకు తెలిసింది. మాకు చెప్పలేదు. నాలుగు నెలల తర్వాత ఆమె పోయింది.

ఈ మాట ముందే రాసిపెడుతున్నాను. ఎందుకంటే ఈ సంగతి ఎవరి దగ్గర ఎత్తినా, "పెద్దవయసు, పెద్దజబ్బు, ఏం చేస్తాం" అని మొదట్లోనే తేల్చేస్తున్నారు.

నాది ఇంటికప్పు రేకులు బిగించే పని. జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా ఎన్ని గొడ్ల చావిళ్ళకు, ఎన్ని ప్రార్థన మందిరాలకు సిమెంటు రేకులు కోశానో లెక్కలేదు. రంపం ఆడిస్తే తెల్లటి దుమ్ము. ఆ చొక్కానే ఇంటికి తెచ్చి దండెం మీద పడేసేవాణ్ణి. ఆమె దాన్ని వాకిట్లో ఫట్‌ఫట్‌మని దులిపి ఉతికేది. "మా ఆయన పిండిమరలో పడి లేచొచ్చాడు" అని పక్కింటివాళ్ళకు చెప్పి నవ్వేది. ముప్పై ఏళ్ళు దులిపింది. కోసిన నేను తిరుగుతున్నాను.

ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు క్యాన్సర్, రేకుల్లోని ఆస్బెస్టాస్ దుమ్ముతో వచ్చేది అన్నారు. అంతకుముందు టీబీ అనుకుని నందిగామలో ఆరు నెలలు మందులు మింగించారు. ఆ కోపం వేరే ఉంది. హైదరాబాదు పెద్దాసుపత్రిలో డాక్టరుగారు మాత్రం నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"కలుపుమందు కొడితే మిరపచెట్టు కూడా మాడుతుంది కదా పెద్దాయనా? ఇది అలా కాదు. క్యాన్సర్ కణంలో ఒక లోపం ఉంటుంది. దాన్ని చూసి అక్కడే దెబ్బ కొడుతుంది. ముక్క తీసి పరీక్షకు పంపుదాం. ఆ లోపం ఉంటే ట్రయల్‌లో చేర్చుకుంటారు. తగ్గుతుందని నేను చెప్పను. తెలుసుకోవడానికే ట్రయల్."

నిజం చెప్పాడు. ఆయన మీద నాకు పగ లేదు. ఆ నెలలోనే ఆయన వేరే ఊరు మారిపోయాడు కూడా.

ఫారం నింపుతూ నర్సు, తోడు వచ్చినవాళ్ళ చదువెంత అని అడిగింది. నేను బడి మెట్టెక్కనివాణ్ణి. బస్సుల బోర్డులు, సిమెంటు బస్తాలు, కంచికచర్ల బస్టాండులో కొన్న పాత ఇంగ్లీషు డిక్షనరీ, ఇవే నా బడి. "లేదని రాయమ్మా" అన్నాను.

నా భార్య మోచేత్తో పొడిచింది. "పదోదని చెప్పయ్యా, ఎవడొచ్చి చూస్తాడు?"

"అబద్ధమెందుకే?"

"ఓయబ్బో, హరిశ్చంద్రుడు బయల్దేరాడు" అని, నవ్వబోయి దగ్గింది.

పరీక్ష ఫలితం రాగానే కబురు చేస్తామన్నారు. ఫోను ఆమె దిండు పక్కనే ఉండేది. మోగితే చాలు, "హైదరాబాదేమో చూడు" అనేది. రెండుసార్లు నేనే చేశాను. "ఇంకా రాలేదు తాతా, వస్తే చెప్తాం" అన్నారు. నేను రోజూ ఒక నోటుపుస్తకంలో రాస్తూ వచ్చాను: జ్వరం ఎంత, తిన్నది ఎంత, ఎన్ని అడుగులకు ఆయాసం. చివర్లో ఆ అడుగులు మంచం నుంచి గుమ్మం దాకా కూడా రాలేదు.

ఆమె పోయాక ఫైలు కోసం వెళ్ళాను. కౌంటరులో మనిషి దాన్ని బల్ల మీద పడేసి, "నీకేం అర్థమవుద్ది తాతా, ఎవరిచేతన్నా చదివించుకో" అన్నాడు.

అక్కడే నిలబడి చదివాను. మూడో కాగితం మీద ఎలిజిబుల్ అని ఉంది. పక్కన టిక్కు, కింద తేదీ. నేను రెండోసారి ఫోను చేసిన రోజుకు వారం ముందటి తేదీ.

"చదివా బాబూ. ఇది మాకెందుకు చెప్పలేదు?" అన్నాను. అతను ఫైలు వెనక్కి లాక్కోబోయాడు. నేను వదల్లేదు.

అప్పటినుంచి ప్రతి సోమవారం ఆసుపత్రికి ఒక రిజిస్టరు ఉత్తరం. అందులో ఒకటే ప్రశ్న: ఎందుకు చెప్పలేదు?

"మళ్ళీ ప్రేమలేఖేనా బాబాయ్?" అనేది పోస్టాఫీసు అమ్మాయి.

"శాపనార్థాలమ్మా. తూకం చూసి స్టాంపులెయ్యి."

క్షమించమని మా పాస్టరుగారు ఇంటికొచ్చి చెప్పారు. "ఎవరినండీ? ముందు ఆ మనిషినీ, ఆ కారణాన్నీ నా ఎదురుగా పెట్టండి. తర్వాత చూద్దాం" అన్నాను. ఆయన టీ తాగి వెళ్ళారు. ఆ మందు ఆమెను బతికించేదని నేననను. కానీ ఒప్పుకోవడమో, కాదనడమో ఆమె నోటితో చెప్పాల్సిన మాట. ఆ కబురు చెప్పకుండా మింగేసినవాళ్ళు కూడా ఒకరోజు మంచాన పడాలి. దిండు పక్కన ఫోను పెట్టుకుని, రాని కబురు కోసం నాలుగు నెలలు చెవులు రిక్కించాలి. ఇది నేను రోజూ చేసే ప్రార్థన.

ఇరవై మూడో ఉత్తరానికి జవాబొచ్చింది. తెలుగులోనే రాశారు, నాకు అర్థం కావాలని కాబోలు.

"అయ్యా, మీ భార్యగారి నమూనా ట్రయల్‌కు అర్హమైనదే. అయితే ట్రయల్‌లో చేరినవారి జ్వరం, ఆహారం, ఆయాసం వివరాలను ఇంట్లో ఒకరు ప్రతిరోజూ పుస్తకంలో రాయవలసి ఉంటుంది. ఫారంలో సహాయకుని చదువు 'లేదు' అని ఉన్నందున, అది మీకు సాధ్యం కాదని భావించి తెలియజేయలేదు."