మా చిన్నమ్మ దరువు

రాబర్ట్‌సన్‌పేట అనే బంగారు గనుల ఊరికి అవతలి పల్లెలో రాగి చేను, ఆవులు చూసుకునే మా చిన్నమ్మ మంగమ్మ పోయిన నెల ఫోన్ చేసింది. "శనివారం వీధినాటకంలో రాణి వేషం కడతా ఉండానప్పా. మొదటి దరువు నాదే. నువ్వు రావాల" అంది. దరువంటే డప్పు మీద వేసే దెబ్బ అనే ఇన్నాళ్లూ అనుకున్నాను. చిన్నమ్మ డప్పు ఎప్పుడు నేర్చింది? అదేమిటో చూద్దామని బయలుదేరాను.

బెంగళూరు నుంచి మారికుప్పం వెళ్లే ఉదయం రైలు ఎక్కితే, మాలూరులో ఫ్యాక్టరీలకు పోయేవాళ్లు దిగాక కిటికీ పక్కన చోటు దొరికింది. టేకల్, బంగారుపేట దాటి సుమారు రెండున్నర గంటల్లో ఊరుగాం చేరాను. అక్కడి నుంచి పల్లెకు ఆటో నూటయాభై. గని మట్టి దిబ్బల పక్కగా పోతూ డ్రైవరు, "నాటకానికా అన్నా? ఈ తూరి ఆడమనిషే రాణంట. ఎప్పుడూ మగోళ్లే కదా కట్టేది. ఏమవుతాదో చూడాల" అన్నాడు.

మధ్యాహ్నానికి చిన్నమ్మ ముఖానికి రంగు పూసుకుంటోంది. నాటకం నేర్పిన ముసలి గురువు ఆమెకు వినబడేలాగే అన్నాడు: "పాట బాగుండాది. గొంతు తెర దాటాల కదా, అదే నా దిగులు."

దరువంటే డప్పు దెబ్బేనా అని చిన్నమ్మను అడిగాను.

"డప్పు దెబ్బ కాదప్పా. తెర వెనకాల నిలబడి, నేను ఫలానా అని పాత్ర పాడుకుంటా వచ్చే పాట. పాతకాలం నాటకాల్లో ధ్రువ అనేవాళ్లు, మన నోట్లో పడి దరువు అయింది. పాట వెంట మద్దెల నడస్తాది కదా, జనం ఇంగ ఆ దెబ్బకే పేరు పెట్టేసినారు."

సాయంత్రం ఇద్దరు తెర పట్టుకుని నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే మైకు మూగబోయింది. జనంలో గుసగుసలు. చిన్నమ్మ ఆగలేదు. మొదటి చరణం సన్నగా వినిపించింది. రెండో చరణానికి గొంతు లేచింది, గజ్జెలు కలిశాయి. వెనక గోడ మీద కూర్చున్న మగవాళ్లు లేచి నిలబడ్డారు. పాట ముగియగానే "ఇంగోసారి!" అని కేకలు.

తెర దించబోతున్నవాళ్లను గురువు చేయెత్తి ఆపాడు. "దించొద్దు! పాడమ్మా, ఇంగోసారి పాడు!" అంటూ తాళం తనే అందుకున్నాడు.

ఆ తర్వాత తెర దిగింది. చిన్నమ్మ నిజంగా రాణిలాగే నిలబడి ఉంది. నాటకం ముగిశాక గురువు అందరి ముందూ ప్రకటించాడు: "వచ్చే ఏడూ రాణి మంగమ్మే!"

ఇప్పుడు దరువు అనే మాట వింటే నాకు చప్పుడు గుర్తుకు రాదు. ముఖం ఇంకా కనబడని మనిషి తానెవరో తానే చెప్పుకోవడం గుర్తొస్తుంది. యాభై దాటిన వయసులో మా చిన్నమ్మ ఊరి ముందు చేసింది అదే. మీరూ ఈ వైపు నాటకాలు చూడదలిస్తే, మొదలు కాకముందే వెళ్లి తెరకు దగ్గరగా చాప మీద చోటు చూసుకోండి. మొదటి దరువు తప్పిపోతే సగం నాటకం పోయినట్టే.