చింతపండుతో తోమిన బిళ్ళ

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. పాత వస్తువుల సంగతిలో తిరుపతి నుంచి మదరాసు దాకా నన్ను మించినవాడు లేడని ఒకటి, మురికి ఎక్కడ కనబడినా వదలగొట్టడానికే నేను పుట్టానని ఇంకొకటి. (మొదటిది ఉద్యోగంలో చేరిన పదకొండో రోజుకే కలిగింది. రెండోది మా అమ్మ పెంపకం.) మా యజమానిని ఊరంతా భూతద్దం మామ అనేవాళ్ళు. తిరుపతిలో ఒక ఇరుకు సందులో పాత రాజకీయ సరుకు బేరం ఆయనది: జెండాలు, టోపీలు, ఎన్నికల గోడపత్రికలు, చొక్కాకు తగిలించుకునే బిళ్ళలు. ఏది అసలో, ఏది నకలో, ఎంత చేస్తుందో ఆయన చీటీ రాసిస్తే ఇక తిరుగులేదు. ఆయన అద్దం అట్లపెనమంత, దాని వెనక కన్ను గుమ్మడికాయంత.

ఒక మధ్యాహ్నం మామ భోజనానికి వెళ్ళినప్పుడు కార్వేటినగరం నుంచి ఒక అవ్వ వచ్చి, కొంగుముడి విప్పి నా చేతిలో ఇత్తడి బిళ్ళ పెట్టింది. ముందు రాట్నం గుర్తు, నిండా పచ్చటి చిలుము. వెనక మేకుతో సన్నగా గీకిన పేరు, జైలు నంబరు.

"మా ఇంటాయనది నాయనా. స్వతంత్రం కోసం జైలుకు పోయినాడు. ఊళ్ళో మాత్రం మేకల దొంగతనంలో పోయినాడంటారు. సచ్చి ఏడాదాయె. సమాధి రాయి మింద స్వతంత్రం మాట చెక్కిస్తామంటే మా దాయాదులు, పాలోళ్ళు అడ్డం పడతాండారు. ఇది అసలుదని మీ సారు చీటీ రాస్తే నోరు మూస్తారంట. అమ్మేదానికి కాదు," అని చెప్పి, బల్ల మీద కూర్చున్నపాటునే కునుకు తీసింది.

అంతటి దేశభక్తుడి బిళ్ళకు ఇంత మురికా? నా రక్తం సలసల కాగింది. క్యారియరులో పులుసు అడుగున మిగిలిన చింతపండు పిప్పి తీశాను, పక్క గోడ నుంచి ఇటుక పొడి రాల్చాను, కార్తీక దీపాలు తోమినట్టు ముందూ వెనకా అరగంట తోమాను. ఆ మెరుపుకు ఎదురు అంగడివాడు కళ్ళు నులుముకున్నాడు.

మామ వచ్చి, నిద్ర లేచిన అవ్వ చెప్పిందంతా విని, అద్దం ఎత్తాడు. చాలాసేపు దించలేదు.

"ఎవురమ్మా నిన్ను మోసం చేసింది? నిన్న పోత పోసినట్టుండాదే! చిలుము లేదు, పేరు లేదు."

"పేరు నా కండ్లతో సూస్తి గదప్పా," అంది అవ్వ, బిళ్ళను తిప్పి తిప్పి చూస్తూ.

తోమింది నేనేనని చెప్పేశాను. (చేతుల్లో ఇంకా చింతపండు వాసన. దాచడానికేముంది?) మామ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నువ్వు తోమినావంటే నమ్ముతా. పేరు ఉండిందనీ నమ్ముతా. కానీ నేను నమ్మింది రాయకూడదప్పా, అద్దంలో కనబడిందే రాయాల."

అవ్వ బిళ్ళను మళ్ళీ కొంగున ముడేసుకుంది. గడప దాటబోతూ ఆగింది.

"ఇన్నాళ్ళూ నమ్మేది నేనొక్కదాన్నే నాయనా. ఇప్పుడు ముగ్గురమైతిమి," అని నా తల నిమిరి వెళ్ళిపోయింది.

తర్వాత నేనొకసారి వాళ్ళ ఊరు వెళ్ళి చూశాను. సమాధి రాతి మీద పేరు చెక్కి ఉంది, కింద ఒక వరుస పట్టేంత చోటు నున్నగా వదిలేశారు.

ఇప్పుడా అద్దం నా చేతికొచ్చింది. ఎవరేం తెచ్చినా ముందు "కడిగినారా?" అని అడుగుతాను. మా ఇంట్లో ఇత్తడంతా బొగ్గులా నల్లగా ఉంటుంది. "మహా నిపుణుడు, చెంబు తోమనీడు," అని మా ఆవిడ చుట్టాలకు చెప్పి నవ్విస్తుంది. నేనూ నవ్వుతాను, ఆ పదకొండు రోజుల నిపుణుణ్ణి తలుచుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని.