ఎదురింటి శుక్రవారం దీపాలు

నాకు కోపం ఎక్కువ. బళ్ళో చదువు చెప్పిన రోజుల్లో నా చెప్పుల చప్పుడు వింటేనే పిల్లలు నోళ్ళు మూసుకునేవాళ్ళు. మా ఆయన మాత్రం “నీ కోపం పాలపొంగు, మంట తగ్గిస్తే సరి” అని నవ్వేసేవాడు. ఆయన పోయాక మంట తగ్గించే మనిషి లేడు.

ఆయన సంవత్సరీకం అయిన కొన్నాళ్ళకి, మేముండే ఈ మలయూ దేశంలోనే ఇంకో ఊరు తెలుక్ ఇంటాన్‌లో మా వదిన చిన్న కూతురి పెళ్ళి జరిగింది. వదినంటే మా ఆయన అక్క. ఆ పిల్లకి అక్షరాలు దిద్దించింది నేనే. అందుకని మండపంలో నిలువెత్తు ఇత్తడి దీపం దగ్గర నిలబడి, “అత్తా, నువ్వే వెలిగించు” అంటూ కొవ్వొత్తి నా చేతికిచ్చింది. నేనింకా చెయ్యి చాపలేదు. వదిన పక్కనుంచి వచ్చి, ఆ కొవ్వొత్తి మెల్లిగా నా వేళ్ళలోంచి తీసేసుకుంది.

“నువ్వాగు లా అమ్మా. ఇలాటి మంచి పనికి నీ సెయ్యెందుకు? సిన్నోళ్ళు ఎలిగిస్తారు.”

ఇక్కడివాళ్ళు మాటకి తగిలించే ‘లా’ తగిలించి, నవ్వుతూనే అంది. తిట్టినా బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. మా ఊరు జార్జ్ టౌన్‌కి తిరిగొచ్చిన సాయంత్రమే మా దేవుడి గూట్లో ఇత్తడి దీపాన్ని పాత గుడ్డలో చుట్టి, వంటింటి అలమరలో రైస్ కుక్కర్ వెనక్కి తోసేశాను. “నీకూ నాకూ మాటల్లేవు, పో” అన్నాను దేవుడితో. ఆయనేమీ అనలేదు. ఎప్పుడన్నాడు గనక!

అప్పటినుంచి నాకు సాయంత్రాలు గడిచేవి కావు. మా ఫ్లాట్ల వెనక సముద్రం. పొద్దు వాలేసరికి నీళ్ళ మీద పడిన ఎరుపు నడవా గోడల మీదికి పాకుతుంది. కాసేపు అందరి తలుపులూ ఒకే రంగులో ఉంటాయి. మసీదులోంచి పిలుపు వినిపిస్తుంది, ఎవరింట్లోనో చేప వేగుతుంది, ఆ వాసనలోనే అగరొత్తులు కలుస్తాయి. అది దీపాలవేళ. తలుపులు తీసి, దీపం పెట్టి, లక్ష్మిని రమ్మనే వేళ. నేను తలుపు తీసేదాన్నే గానీ దీపం పెట్టేదాన్ని కాదు. ఊరికే గుమ్మంలో కూర్చుని, నేనూ ఆ రంగులో కలిసిపోయినట్టు ఉండిపోయేదాన్ని.

అలా కూర్చున్నప్పుడే ఎదురింటి ఆంటీని చూడడం మొదలుపెట్టాను. ఆవిడ యూదుల ముసలావిడ, పుట్టి పెరిగింది కలకత్తాలో. ఈ ఊళ్ళో ఒకప్పుడు వాళ్ళవాళ్ళు ఉండేవారట. ఇప్పుడు పాత స్మశానం ఒకటి మిగిలింది. ఆవిడ తాత అందులోనే ఉన్నాడు. భర్త పోయి, పిల్లలు తలో దేశంలో స్థిరపడ్డాక, “తాత దగ్గరైనా ఉందాం” అని ఇక్కడికొచ్చేసిందట. నన్ను అందరిలాగే ‘చిక్‌గు’ అని పిలిచేది, టీచర్ని ఇక్కడ అలాగే పిలుస్తారు. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషూ మలయూ కలిపిన భాష.

శుక్రవారం వచ్చిందంటే ఆవిడ ఇంట్లో పెళ్ళి హడావిడి. పొద్దున్నే బజారు, మధ్యాహ్నానికి రొట్టె కాలిన వాసన. పిండిని జడ అల్లినట్టు అల్లి కాల్చిన రెండు రొట్టెలు బల్ల మీద పెట్టి, వాటి మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పేది. బల్లకి తెల్లటి దుప్పటి, ఒంటికి తెల్లటి జాకెట్టు. ఇంతకీ వచ్చేవాళ్ళెవరూ లేరు! ఒక్కత్తీ ఇంత ఎవరికోసం చేస్తుందా అని నాకు వింతగా ఉండేది. పొద్దు గుంకే ముందు రెండు కొవ్వొత్తులు వెలిగించి, చేతులతో మూడుసార్లు వెలుగుని తనవైపు పిలిచినట్టు తిప్పి, ఆ చేతులే కళ్ళకి అడ్డం పెట్టుకునేది.

మొదటిసారి చూసినప్పుడు అది ఏడుపే అనుకున్నాను. పాపం, పెద్దావిడ ఒంటరిగా దీపాల ముందు నిలబడి ఏడుస్తోంది! చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి, వెనకనుంచి పట్టేసుకున్నాను. “ఆంటీ, ఏడవకండి, నేనున్నాను” అన్నాను. ఆవిడ కదల్లేదు, చేతులు తియ్యలేదు. నేను మెడకి వేలాడుతుండగానే ఏదో గొణుక్కుంటూ చివరిదాకా చెప్పుకుని, అప్పుడు కళ్ళు తెరిచింది.

“ఏడుపు కాదు చిక్‌గు, ప్రార్థన” అంది నవ్వాపుకుంటూ.

ఛీ ఛీ, సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం కుర్చీ లాగి కూర్చోబెట్టి, ఓపిగ్గా చెప్పింది. ఏ పనికైనా వాళ్ళు ముందు ప్రార్థన చెప్పి, తర్వాత పని చేస్తారు. ఈ దీపాలకి మాత్రం అలా కుదరదు. ప్రార్థన చెప్పగానే వాళ్ళ విశ్రాంతి రోజు, షబ్బాత్, మొదలైపోతుంది. మొదలయ్యాక నిప్పు ముట్టించకూడదు. అందుకని ముందు వెలిగించి, కళ్ళు మూసుకుని, ప్రార్థన చెప్పి, అప్పుడు తెరిచి చూస్తారు.

“తెరిచేసరికి వెలుగు అప్పుడే వచ్చినట్టుంటుంది. ప్రతి వారమూ కొత్తదే” అంది ఆంటీ.

ఆ రెండు మంటల్నీ చూస్తూ కూర్చున్నాను. బయట ఎరుపు చల్లారి, సముద్రం ఉన్న చోట చీకటి నిండింది. ఆవిడ రొట్టె తుంచి ఉప్పులో అద్ది ఇచ్చింది. మా ఆయన పోయాక తిన్న తిండికి రుచి తెలిసింది ఆ పూటే.

సెలవు తీసుకుని వస్తూ వస్తూ వంటింట్లో ఉత్తినే వెలుగుతున్న లైటు చూశాను. ఉత్తినే వెలిగే లైటు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. టక్కున ఆర్పేశాను. “అయ్యో, వంటిల్లు చీకటైపోయిందే” అంది ఆంటీ. “అవునాంటీ, కరెంటు ఆదా” అని గొప్పగా చెప్పి వచ్చేశాను. మర్నాడు చీకటి పడేదాకా ఆవిడ స్విచ్చి ముట్టుకోకూడదని, అందుకే లైటు వేసి ఉంచుకుందని, ఆర్పినదాన్ని వెయ్యమని నోటితో అడగనూ కూడదని ఆదివారం టీ తాగుతూ చెప్పింది. చెబుతూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. పంతులమ్మ తెలివి తెల్లారినట్టే ఉంది! తర్వాతి శుక్రవారం నుంచి ఆ స్విచ్చి మీద చిన్న కాగితం అంటించి ఉండేది. నాకోసమే.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం నా గుమ్మం ఆవిడ ఇంట్లోకి జరిగిపోయింది. వానాకాలంలో ఒకరోజు బజారులో తడి నేల మీద జారిపడి ఆంటీ కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పిండికట్టు వేశారు. శుక్రవారం సాయంత్రం ఎడమచేత్తో అగ్గిపుల్ల గీయబోతే చెయ్యి వణికి పుల్ల మీద పుల్ల విరిగిపోతోంది. బయట వానలో పొద్దు జారిపోతోంది.

“నా చెయ్యి పట్టుకో చిక్‌గు. కదలకుండా పట్టుకుంటే చాలు, వెలిగించడం నేనే వెలిగిస్తాను.”

నేను రెండడుగులు వెనక్కేశాను. “వద్దాంటీ. నా చెయ్యి మంచిది కాదు.”

“ఏమైంది?”

చెప్పేశాను. మండపం, కొవ్వొత్తి, వదిన నవ్వు, అలమరలో దీపం, అన్నీ. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది ఆ సందెవెలుగులో నా నోటినుంచి దానంతటదే వచ్చేసింది. ఆంటీ నా చెయ్యి తీసుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది.

“సుద్ద మరక కూడా లేదే. శుభ్రంగానే ఉంది” అంది. తర్వాత నవ్వు మానేసింది. “నేను నీకంటే పాత విధవని. మరి నా చెయ్యో? దీపం ఇంటిది చిక్‌గు, మొగుడిది కాదు. షబ్బాత్ గుమ్మందాకా వచ్చి, లోపల ఎవరి మొగుడు బతికున్నాడని అడుగుతుందా?”

“నాకు దేవుడితోనే మాటల్లేవు ఆంటీ.”

“అయితే తిట్టు. కళ్ళు మూసుకున్నాక నేనేమంటున్నానో నీకు తెలుసా? సగం వారాలు తిట్లే. దానికీ దీపానికీ ఏం సంబంధం? మొగుడితో పోట్లాడిన రోజు వంట మానేశావా?”

మానలేదు. కారం ఎక్కువేసేదాన్ని, అంతే. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. వెళ్ళి ఆవిడ మణికట్టు కింద నా అరచెయ్యి ఆనించాను. ఇద్దరి చేతులూ కలిసి వత్తిదాకా వెళ్ళాయి. మంట అంటుకుంది. ఏ ఉపద్రవమూ జరగలేదు. వాన తగ్గి, కిటికీ అద్దం మీద నీటిచుక్కల్లో చిన్న చిన్న దీపాలు కనిపించాయి. పిండికట్టు ఉన్నన్నాళ్ళూ అలాగే వెలిగించాం.

కట్టు విప్పిన వారం ఆంటీ తనే వెలిగించుకుంది. చూసి సంతోషపడాల్సింది పోయి, ఖాళీగా ఉన్న నా చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ కనిపెట్టినట్టే ఉంది. “మీ ఇంట్లో లేదా దీపం?” అంది.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం మా వదిన దిగింది. మోకాళ్ళు చూపించుకోవడానికి ఇక్కడి ఆస్పత్రికొచ్చి, రాత్రికి నా దగ్గర ఉంటానంది. కూతురి పెళ్ళి తర్వాత ఆవిడ మా ఇంటికి రావడం అదే మొదటిసారి. మంచినీళ్ళిచ్చాను, అన్నం పెట్టాను, మాటలు మాత్రం తూచి తూచి మాట్లాడాను. సాయంత్రం ఆవిడ గదిలో నడుం వాల్చింది. నడవా గోడల మీదికి ఎరుపొచ్చింది. ఎదురింట్లోంచి రొట్టె వాసన వస్తోంది. వదినుందని ఈ పూట కూడా మానేస్తే ఇక ఎప్పటికీ వెలిగించలేనని తెలుసు. రైస్ కుక్కర్ వెనకనుంచి దీపం తీసి, చింతపండుతో తోమాను. డబ్బాలో వెతికితే ఒక్కటే వత్తి మిగిలింది. నాకిది చాల్లే అనుకుని వేసి, నూనె పోసి, వెలిగించాను.

అలవాటు కొద్దీ చేతులు కళ్ళ మీదికి వెళ్ళాయి. ఆ చీకట్లో నా దేవుణ్ణి కడుపారా తిట్టాను. మా ఆయన్ని తీసుకుపోయినందుకు తిట్టాను, ఆ రోజు చేతిలో కొవ్వొత్తి పోయినందుకు తిట్టాను. అప్పుడు వెనకనుంచి రెండు చేతులు నన్ను చుట్టేశాయి.

“ఏటే, ఎందుకేడుస్తన్నావు? ఏడవకే తల్లీ. నానే కదా ఆ రోజు నీ సేతిలోది లాక్కున్నాను. పెద్దోళ్ళు సేసినట్టే సేసినాను. ఇంటికెళ్ళినాక తమ్ముడి మొకమే కళ్ళల్లో ఆడినాది.”

ఏడుపు కాదు వదినా, ప్రార్థన అనాలి. కానీ మధ్యలో మాట్లాడకూడదు, తిట్టాల్సింది ఇంకా మిగిలుంది. పూర్తిచేసి కళ్ళు తెరిచాను. దీపం అప్పుడే వచ్చినట్టుంది. నా చేతులు తడిగా ఉన్నాయి.

వదిన మాత్రం దీపం వైపు చూసి మొహం చిట్లించింది.

“ఇదేటిది? ఒంటొత్తి ఎలిగించినావేటి? సావింట్లో శవం కాడ పెడతారు ఒంటొత్తి! ఇంత సదువుకున్నావు, తెల్దా?”

“ఒక్కటే ఉంది వదినా.”

ఆవిడ మోకాళ్ళ నొప్పితో మూలుగుతూ గదిలోకెళ్ళి, మందుల సంచిలోంచి దూది తెచ్చింది. తొడ మీద పెట్టి వత్తి చేసి, నూనెలో ముంచి, మొదటిదాని పక్కన పెట్టింది. అగ్గిపెట్టె తీసుకుంది. తనే గీస్తుందనుకుని పక్కకి జరిగాను.

“ఎక్కడికి పోతన్నావు లా?” అంటూ అగ్గిపెట్టె నా చేతిలో పెట్టి, నా వేళ్ళు మూసింది. “ఎలిగించు.”

వెలిగించాను.