కొండ సుట్టూ తిప్పిన గెడ్డ

టీ సల్లారిపోతాది, ముందు తాగండి. తాగుతూనే ఇనండి. మొన్న ఆదివారం మా ఇంట్లో ఏటైందో సెప్తాను గానీ, ఎవరూ నవ్వకూడదు. నా కూతురు ఏడాదంతా కూకుని కట్టుకున్న దేశాన్ని నేను ఒక్క పెన్నుతో పాడు సేసినాను. దానికి శిక్ష కూడా పడింది. మీ కళ్ళకి కుర్చీలో కూకున్నట్టు కనబడతన్నాను కదా? నిజానికి నేనిప్పుడు నడుం దాకా బురదలో ఉన్నాను. అదిగో, అప్పుడే నవ్వినావు బావా! నవ్వేది కాదయ్యా, నిజంగా బాధపడి సెప్తన్నాను.

నా సంగతి మీకు తెలీనిదేటి? మన మలేసియాలో ఈ సుంగై పెటానీ బళ్ళో ఉద్యోగంలో సేరిన కాడి నుంచి జాగ్రఫీ సెప్తన్నాను. ఇరవై ఆరేళ్ళు. జేబులో ఎర్ర పెన్ను లేకపోతే సొక్కా ఏసుకోనట్టే ఉంటాది నాకు. తప్పు కనబడితే సెయ్యి ఊరుకోదు. బావా, నీ తమ్ముడి పెళ్ళికార్డు ఎనకాల హాలుకి దారి బొమ్మ ఏసినారు కదా, అందులో ఉత్తరం ఎటో సూపించలేదని బాణం గీసి, కార్డు తిరిగి నీ సేతికే ఇచ్చేసినాను. మా సెల్లి, అదే నీ పెళ్ళాం, ఇప్పటికీ నాతో సరిగ్గా మాటాడదు. అయినా ఉత్తరం లేని మ్యాపు ఏటి మ్యాపయ్యా?

ఇంక మా సుధ. పదిహేడేళ్ళు. మన మాట మొత్తం అర్థమవుతాది, బదులు మాత్రం సగం ఇంగ్లీషు కలిపి ఇస్తాది, లేకపోతే తమిళంలో, ఇక్కడి పిల్లలందరిలాగే ఆఖర్న ఒక ‘లాహ్’ తగిలించి. నాకైతే అది కూడా లేదు, తలకాయ ఊపడమే. పద్నాలుగేళ్ళప్పుడు, ఫారం టూలో ఉండగా, ఒకపాలి పుస్తకం అట్టుకొచ్చి డౌట్ అడిగింది. నేనేటి సేసినాను? డౌట్ సంగతి తరవాత అని, ముందు దాని సేతిరాత సరిచేసినాను. అరగంట! అప్పటి నుంచి నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు ఆ పిల్ల. మూడేళ్ళు. బళ్ళో నూటయాభై మంది నన్ను అడుగుతారు, ఇంట్లో ఉన్న ఒక్కర్తీ అడగదు. ఆ బాధ మీకు సెప్పలేదు గానీ, నాకుంది.

దానికో గేమ్ ఉంది. ఫోన్లో ఆడేది కాదు. కాయితాలు, పాచికలు, బల్ల సుట్టూ నలుగురు ఆడపిల్లలు. ఒకర్తి కథ సెప్తాది, మిగతా ముగ్గురూ ఆ కథలో మనుషులు. ‘ఇక్కడ గుహ ఉంది, ఏటి సేస్తారు?’ అంటే ఆళ్ళు సెప్పాల, పాచిక ఎయ్యాల, అది ఎలా పడితే అలా జరుగుతాది. కథ సెప్పేది మా సుధ. లేని దేశం ఒకటి పుట్టించి, ఏడాది నుంచి ప్రతి ఆదివారం మజ్జాన్నం నడిపిస్తంది. ఆ దేశానికి మ్యాపు కూడా ముక్కలు ముక్కలుగా గీస్తంది. ఒక ముక్క అయిపోతేగానీ ఇంకో ముక్క సూపించదు.

ఆ మ్యాపులో ఊళ్ళ పేర్లన్నీ మన పేర్లే! గెడ్డవలస అంట, తెల్లకొండ అంట. అన్నం తిన్నాక మా అమ్మ మంచం పక్కన కూకుని, అమ్మ ఏదో సెప్తంటే ఇది ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడం సూసేవోణ్ణి. నాయనమ్మా మనవరాలూ ఏటో మాటాడుకుంటన్నారులే అనుకున్నాను. ఏటి మాటాడుకుంటన్నారో నేనెప్పుడూ అడగలేదు. అక్కడే ఉంది నా తప్పంతా.

శనివారం పొద్దున్న అది నా దగ్గరికొచ్చింది. సేతిలో సుట్టిన కాయితం.

“నానా, బిజీ యా?”

దిద్దుతున్న పేపర్లు పక్కకి తోసేసినాను. “లేదు, లేదు, సెప్పమ్మా.”

“ఇది లాస్ట్ పీస్. రేపు స్టోరీ ఎండ్. ఒక్కటే సెప్పు. ఈ ఊరి నుంచి ఈ కొండకి నడిస్తే ఎన్ని డేస్? ఫుడ్ ఎంత తీసుకెళ్ళాలో ఆళ్ళకి సెప్పాలి. అంతే లాహ్, ఇంకేం వద్దు.”

అంతే లాహ్, ఇంకేం వద్దు. నా సెవుల్తో ఇన్నాను. అది ట్యూషన్‌కి ఎల్లిపోయింది. నేను కళ్ళజోడు తుడుసుకుని బల్ల మీద కాయితం పరిసినాను.

ఓలమ్మా! స్కేలు లేదు. ఉత్తరం లేదు. సముద్రం పక్కనే ఎడారి! గాలి సముద్రం మీంచి వస్తాది, కొండకి తగుల్తాది, ఇటు పక్కే వానంతా కురిసేస్తాది, అవతల పక్క ఎండుతాది. ఎడారి కొండకి అవతల ఉండాల. మార్చినాను. మైదానం మజ్జిన ఒంటరిగా ఒక అగ్నిపర్వతం. కొట్టేసి పక్కన ‘కారణం?’ అని రాసినాను. ఒక డ్రాగన్ కూడా ఉంది. దాన్ని ముట్టుకోలేదు, అది బయాలజీ మాస్టారి పని.

ఆఖర్న కనబడింది అసలు ఘోరం. తూర్పు కొండల్లో ఒక గెడ్డ, అదే ఏరు, పుట్టింది. గెడ్డవలస పక్క నుంచి వచ్చింది. తిన్నగా తెల్లకొండ దాకా వచ్చి, కొండ మొదట్లో ఆగిపోయింది. అంతే! సముద్రం లేదు, సెరువు లేదు. నీళ్ళు మాయం. కొండకి అవతల పక్కేమో ఇంకో గెడ్డ, ఎక్కడి నుంచి పుట్టిందో తెలీదు, దాని దారిన అది పోతంది. జాగ్రఫీ మాస్టారి కూతురు ఇలాటిది గీస్తాదా? వైట్నర్ తెచ్చి పూసినాను, ఆరబెట్టినాను, నీలం ఇంకు పెన్ను తీసినాను. గెడ్డని కొండ సుట్టూ అందంగా ఒంపు తిప్పి, అవతల గెడ్డలో కలిపేసినాను. ఎంత బాగా వచ్చిందో! పుస్తకంలో బొమ్మలాగ ఉంది. మూలన అలవాటుగా మార్కులు కూడా ఏసినాను. ఇరవైకి పదకొండు. కింద, ‘శ్రద్ధ చాలదు.’

సుట్టి, రబ్బరు బ్యాండేసి, దాని సంచీ పక్కన పెట్టినాను. అది సాయంత్రం వచ్చి, “సూసినావా నానా?” అంది. “అంతా సరిచేసినాను,” అన్నాను. “థాంక్స్ నానా,” అని నవ్వింది. మూడేళ్ళకి నవ్వింది నా మొహం సూసి. ఎన్ని రోజులు పడతాదో రాయడం మర్చిపోయినానని నాకు అప్పటికీ గుర్తు రాలేదు. అడిగింది అదొక్కటే కదా!

ఆదివారం ముగ్గురు పిల్లలూ వచ్చినారు. ముగ్గురూ మా బళ్ళోవాళ్ళే, నా దగ్గర సదువుకున్నవాళ్ళే. మా అమ్మ హాల్లో సోఫా మీద సిక్కుడుకాయలు వలుస్తంది. నేను పేపరు అడ్డం పెట్టుకుని ఇంటన్నాను. కథ ఏటంటే, గెడ్డవలస జనాన్నంతా ఎత్తుకెల్లి తెల్లకొండ అవతల బందీలుగా పెట్టినారు. కొండ ఎక్కలేరు, సుట్టూ తిరిగి ఎల్లడానికి దారి లేదు. ఆ గెడ్డ కొండలోకి దూరే సోటు కనిపెట్టి, దీపాలు అట్టుకుని, సీకట్లో నీళ్ళెంట నడిసి అవతలికి తేలాల. అందుకోసం సుధ ఏడాది నుంచి కథలో ఆనవాళ్ళు దాసుకుంటూ వచ్చిందంట. సీకట్లో అడగడానికి ఏడు కాయితం ముక్కల మీద ఏడు పొడుపు ప్రశ్నలు రాసి పెట్టుకుంది. మూడు గంటల ఆట. ఇదంతా నాకు తరవాత తెలిసింది లెండి.

సుధ నిలబడి, గొంతు తగ్గించి, “ఇదే తెల్లకొండ,” అని కాయితం ఇప్పింది.

ఐనా అని ఒక మలాయ్ పిల్ల, మహా సురుకు. ఆళ్ళు మలాయ్‌లో అన్నది నేను మన మాటలో సెప్తన్నాను. ఒంగి సూసింది. “ఏ, నది కొండ సుట్టూ తిరిగెళ్తంది కదా! చిక్గు సెప్పినారు గుర్తుందా, దారి తెలీకపోతే నీళ్ళెంట పొమ్మని. తెప్ప కట్టేద్దాం.” చిక్గు అంటే మాస్టారు, నేనే.

మిగతా ఇద్దరూ సరే అన్నారు. పాచిక ఏసినారు. ఆరు పడింది. తెప్ప నడిసింది. అవతల తేలినారు. జనాన్ని ఇడిపించినారు. పది నిమిషాలు కాలేదు.

“అంతేనా?” అంది ఐనా. పాపం, మర్యాదకి సప్పట్లు కొట్టినారు ముగ్గురూ.

సుధ కాయితం వైపే సూస్తంది. ఆ నీలం ఒంపు, ఆ పదకొండు మార్కులు, ఆ శ్రద్ధ చాలదు. అందరూ సూసినారు. ఏడవలేదు. ఏడిసినా బాగుండేది. నా వైపు తిరిగి, ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా, మా అమ్మ యాసలో అడిగింది. “నానా, ఆ గెడ్డ కొండలోకి ఎల్లాల. ఎందుకు తిప్పినావు?”

అప్పుడైనా నోరు మూసుకోవాలా? లేచి నిలబడినాను. “నీళ్ళు ఎక్కడికీ మాయమైపోవమ్మా. గెడ్డ తిన్నగా కొండలోకి ఎల్లిపోడం అనేది ప్రకృతిలో...”

“ఎవుడ్రా ఎల్లదన్నాడు?”

మా అమ్మ. సిక్కుడుకాయ సేతిలోనే ఉంది.

“సుంగై సిపుట్ రబ్బరు ఎస్టేట్లో మన కూలి లైన్ ఇళ్ళ ఎనకాల తెల్లకొండ లేదేటి? గెడ్డ దాన్లోకి ఎల్లిపోయేది కాదేటి? అక్కడే బట్టలుతికేదాన్ని. నీ ఎర్ర సొక్కా సెయ్యి జారి కొండలోకి ఎల్లిపోతే రెండు దినాలు ఏడిసినావు నువ్వు. మూడో దినం మీ నాన్న కొండ అవతల పక్క రాళ్ళ కాడ దొరికిందని తెచ్చినాడు. ఆ సొక్కా ఏసుకునే కదరా ఈ ఊరొచ్చినావు. అక్కడే పుట్టినావు, మర్సిపోయినావా?”

సుధ ఆ మాటలన్నీ స్నేహితులకి మలాయ్‌లో సెప్పింది. ఐనా మెల్లిగా సెయ్యెత్తింది, క్లాసులో ఎత్తినట్టే. “చిక్గు, అది సున్నపురాయి పాఠం కదా? వాన నీళ్ళకి రాయి కరిగి, లోపల దారులు పడతాయి, నది కొండలోకి దిగి అవతల బయటికొస్తాది అన్నారు. మీరే బోర్డు మీద బొమ్మ ఏసినారు.”

ఏసినాను. ఏడాదికొకపాలి, ఇరవై ఆరేళ్ళు ఏసినాను. తెల్ల సుద్దతోనే ఏసినాను ఆ కొండని.

కూలబడిపోయినాను. నాకు నాలుగో అయిదో ఏళ్ళప్పుడు ఆ ఎస్టేటు ఇడిసి వచ్చేసినాం. ఇప్పుడు అక్కడ లైన్ ఇళ్ళు లేవు. నాకు ఆ సొక్కా గుర్తులేదు, గెడ్డ గుర్తులేదు. లేని దేశం అనుకున్నాను నేను. అది మా అమ్మ బతికిన సోటు. ఆ పిల్ల అడిగి, రాసుకుని, కాయితం మీద నిలబెట్టింది. నేను దానికి పదకొండు మార్కులేసినాను. సిగ్గుతో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. “తప్పైపోయిందమ్మా,” అన్నాను. ఇద్దర్లో ఎవరికి సెప్పినానో నాకే తెలీదు.

సుధ కాసేపు పాచికలు సేతిలో తిప్పింది. తరవాత నాయనమ్మని సెయ్యి అట్టుకుని తీసుకొచ్చి బల్ల దగ్గర తన కుర్చీలో కూకోబెట్టింది. స్నేహితుల వైపు తిరిగింది.

“ఆట అయిపోలేదు. మీరు ఇడిపించింది బొమ్మ మనుషుల్ని, అసలు మనుషులు ఇంకా కొండ లోపలే ఉన్నారు. మీరు ఎక్కిన నది కూడా అసలు నది కాదు. రాజుగారి మ్యాపు మాస్టర్ ఒకడు, ఎవర్నీ అడక్కుండా గెడ్డని తిప్పేసినాడు. గెడ్డ దాని పాత దారికి అది ఎల్లిపోయింది. తిప్పిన సోటంతా ఇప్పుడు బురద. మీ తెప్ప ఇరుక్కుంది. పక్కన నడుం దాకా దిగబడిపోయి ఒక మనిషి ఉన్నాడు. సేతిలో ఎర్ర పెన్ను.” నా వైపు సూసింది. “నానా, రా. కూకో.”

కూకున్నాను. ఏటి సేస్తాను?

ముగ్గురూ నన్ను బయటికి లాగాలా వద్దా అని ఓట్లు పెట్టినారు. నేను ఒక ప్రశ్నకి జవాబు సెప్తే లాగుతారంట. ప్రశ్న సుధే అడిగింది. “గెడ్డవలస నుంచి తెల్లకొండకి ఎన్ని రోజులు నడవాలి?”

శనివారం ప్రశ్న! స్కేలు తీసుకుని కొలిసినాను. అంగుళాలు వచ్చినాయి, రోజులు రాలేదు. పక్కకి ఒంగి సిన్నగా, “అమ్మా, మన ఇంటి కాడి నుంచి కొండకి ఎంత సేపే?” అన్నాను.

“బట్టల మూటతో అయితే ఒక తమలపాకు నవిలినంత సేపు,” అంది మా అమ్మ. “నిన్ను సంకనేసుకుంటే రెండాకులు. దిగుతానని ఒకటే గోల కదా నువ్వు.”

పెన్సిలు తీసుకుని, పెన్ను కాదు, పెన్సిలు, మ్యాపు అడుగున స్కేలు గీసినాను. దాని మీద రాసినాను: ఒక తమలపాకు.

సుధ సూసింది. నా జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, దాని పక్కన సున్నా సుట్టింది.

“అదేటమ్మా! జవాబు రైటే కదా?”

“రైటే నానా. నాయనమ్మని సూసి రాసినావు.”

“లాగెయ్యనీవే పాపం,” అన్నాదనుకున్నారా మా అమ్మ? “ఉండనీ, ఒక వారం నానితే మెత్తబడతాడు,” అన్నాది. అందుకే ఇంకా బురదలోనే ఉన్నాను. ఇరవై ఆరేళ్ళలో కాపీ కొట్టిన పిల్లల్ని ఎంతమందిని లేపి నిలబెట్టినానో లెక్కలేదు. నేను దొరికిపోయింది మాత్రం మొన్నే, అదీ కన్నతల్లి దగ్గర రాసి, కన్నకూతురి సేతిలో.