పాలలోటా

క్యాసంబళ్ళిలో మా అత్తగారింట్లో ఆవుల దగ్గరే తెల్లవారేది. నేను మొహం కడుక్కునేలోపే మా అత్త పాలు పితికి, కాచి, లోటా నిండా పోసి నా చేతిలో పెట్టేది. నా థైరాయిడ్ మాత్ర ఆ పాలతోనే.

"పరగడుపున మందు మింగితే వేడి చేస్తాదమ్మా. వేడి ఒంట్లో కడుపు యాడ నిలుస్తాది?" అనేది. లోటా ఖాళీ అయ్యేదాకా అక్కణ్ణుంచి కదిలేది కాదు. మా ఆయన అప్పటికే బంగారుపేటలో రైలెక్కి బెంగళూరు దారిలో ఉండేవాడు.

బిడ్డ కావాలని నాకూ ఉంది. కానీ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ లెక్క దిగేదాకా ఆగమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అది దిగి చావదు. పరీక్ష చేసిన ప్రతిసారీ మాత్ర పవరు పెంచి పంపేది. ఇంట్లోనేమో ఇంకా ఎందుకు ఆలస్యమని గుసగుసలు. కొట్టంలో కట్టేసిన ఆవుకైనా మేత వద్దనిపిస్తే తల తిప్పుకునే వీలుంది. నాకు అదీ లేదని కుళ్ళి కుళ్ళి ఏడ్చాను.

చివరికి ఒకసారి డాక్టరమ్మ, మాత్ర దేంతో మింగుతున్నావని అడిగింది. "పాలతో," అన్నాను గొప్పగా. ఆమె తల పట్టుకుంది. పాలు ఆ మాత్రను ఒంటికి సరిగా పట్టనివ్వవట. లేవగానే ఉత్త నీళ్ళతో మింగి, గంటసేపు పాలూ కాఫీ ముట్టకూడదట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నీ పాలే అడ్డమని అత్తతో ఎలా అనను? బస్సులో వస్తున్నంతసేపూ మాటలు వెతుక్కున్నాను.

"నీళ్ళతో మింగితేనే నీళ్ళు పోసుకుంటానంట అత్తా," అన్నాను.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అయితే ఇన్నాళ్ళూ నేనే అడ్డం పడినానా?" అంది.

మర్నాటి నుంచి అదే లోటాలో నీళ్ళు. మింగేదాకా ఆమె కదలకపోవడమూ మామూలే. పైగా, గంట దాటేదాకా నాకెవరూ కాఫీ ఇవ్వకుండా వంటింటి గడపలో కూర్చునేది. కొన్నాళ్ళకు టీఎస్‌హెచ్ దిగింది. డాక్టరమ్మ సరేనంది.

ఆ మాట చెప్పగానే అత్త కళ్ళు మెరిశాయి. నా చెయ్యి పట్టుకుని, "ఇంగేముండాది? ఎప్పుడమ్మా నీళ్ళు పోసుకునేది?" అంది.

ఇన్నాళ్ళూ ఎవరేమన్నా టీఎస్‌హెచ్ మీదకు తోసేసేదాన్ని. ఇప్పుడు ఆ చాటు కూడా లేదు.