ఒంటి కుర్చీ ఫోటో

మా చిన్నప్పుడు ఇంట్లో ఏ ఫోటో తీసినా నా మొహం ఒక్కలాగే వచ్చేది... కళ్ళు సగం మూసి, మెడ కాస్త పక్కకి తిప్పి, కెమెరాని కాకుండా దాన్ని పట్టుకున్న మనిషిని చూస్తూ. "ఈ గుంటకి పుట్టుకతోనే అనుమానం," అనేది అమ్మ. "పొగరు," అనేవాడు నాన్న. ఇప్పటికీ అదే అంటారు. నవ్వమని ఎవరైనా అడిగితే, ఎందుకు నవ్వమంటున్నారో తెలుసుకోవాలనిపించేది... అంతే కదా!

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక ఆదివారం... శృంగవరపుకోటలో మా ఇల్లు. చర్చి నుంచి వచ్చేసరికి పెరట్లో కుర్చీ వేసి ఉంది. వెనకాల దండెం మీద నీలం దుప్పటి, చుట్టాలొస్తే తప్ప బయటికి తీయనిది. ఊళ్ళో స్టూడియో ఆయన స్టాండు బిగిస్తున్నాడు.

కుర్చీ ఒక్కటే.

మా వీధిలో ఒంటి కుర్చీ అంటే ఏమిటో పిల్లలకి కూడా తెలుసు. పెద్దవాళ్ళకి ఒంట్లో బాగోకపోతే, మొహం ఇంకా మొహంలా ఉండగానే, ఇలా ఒక్కరినే కూర్చోబెట్టి ఫోటో తీయించి దాచేవారు. తర్వాత జ్ఞాపకార్థ కూడిక రోజున అదే పెద్దదై బల్ల మీదకి వచ్చేది. ఎదురింటి తాతకి అలాగే తీశారు... ఆయన ఆ వానాకాలం దాటలేదు.

మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, విజయనగరం ఆస్పత్రి నుంచి వచ్చి అప్పటికి పది రోజులు.

నాన్నని తప్పుపట్టను. మా తాత పోయినప్పుడు ఇంట్లో ఒక్క ఫోటో లేక, రేషన్ కార్డు మీది మొహాన్నే పెద్దది చేయించారట. అంతా చుక్కలు చుక్కలు... కూడికలో ఎవరో "ఈయనెవరు?" అని అడిగారట. మామ్మకి అలా జరగకూడదనుకున్నాడు నాన్న. ఆ మాట ఆమెతో అనలేక, "పింఛనుకి ఫోటో కావాలంటమ్మా," అన్నాడు.

మామ్మ కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"పింఛను ఫోటో గోరంత ఉంటాది గదరా. దానికి కిస్మసు సీరెందుకు?"

"ఇప్పుడు రూల్సు మారిపోనాయమ్మా. బేగి కూకో."

"దుప్పటి కూడా రూలేనేటి?"

స్టూడియో ఆయన నవ్వాపుకోలేక కెమెరా వెనక్కి తప్పుకున్నాడు.

అప్పుడు అమ్మ నన్ను ముందుకి తోసింది. నేను చెబితే మామ్మ నమ్ముతుందని. నా చేతిలో నాన్న సెల్‌ఫోనుంది, అప్పటిదాకా దాంతో కోళ్ళని ఫోటోలు తీస్తున్నాను. మామ్మ నా వైపు తిరిగింది.

"ఒసే, నువ్వు సెప్పు. ఇది దేనికే?"

నాకు తెలుసు. "పెద్ద సైజు వేయండి" అని నాన్న ఆయనతో గొంతు తగ్గించి అనడం విన్నాను. అయినా...

"పింఛనుకే మామ్మా."

ఆమె నన్ను చూసింది. కళ్ళు సగం మూసి, మెడ కాస్త పక్కకి తిప్పి, పై పళ్ళు లేని నోరు కొంచెం తెరుచుకుని... నువ్వూ వాళ్ళతో కలిసిపోయావా అన్నట్టు. నా వేలు ఎందుకు నొక్కిందో తెలియదు. ఫోన్ టక్‌మంది.

ఆ తర్వాత మామ్మ వెళ్ళి కూర్చుంది. "మామ్మగారూ, కొంచెం నవ్వండి," అంటే నోరు బిగించేసింది. స్టూడియో ఫోటోలో ఉన్నది ఆ బిగించిన నోరే.

సాయంత్రం అమ్మ ఫోన్లో నా ఫోటో చూసి ఉలిక్కిపడింది. "ఓలమ్మో, ఏటా సూపు! సెరిపెయ్యవే." చెరిపేశానని చెప్పాను. ఆ రోజుకి అది నా రెండో అబద్ధం.

మామ్మ పోలేదు. ఇంకో పన్నెండేళ్ళు శుభ్రంగా బతికింది. ఒకసారి బీరువాలో చీరల కింద దాచిన స్టూడియో ఫోటో దొరికితే, తనే మేకు కొట్టించి గోడకి పెట్టించుకుంది. "నాను పోయాక మీరే సూస్తారు, నాకేటి లాభం? ఇప్పుడే సూసుకుంటాను," అని. చూసినప్పుడల్లా దాంతో పేచీ... "ఎవురీ పెద్దింటావిడ? నన్ను సూసి మూతి ముడుసుకుంటాది!"

నేను ఇంటర్లో ఉండగా, మెమరీ కార్డులో దాచుకున్న నా ఫోటోని ధైర్యం చేసి ఆమెకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఆ రోజు నువ్వు అబద్ధమాడినావు."

"అవును మామ్మా."

"నాకు తెలుసని ఇక్కడ కనిపిస్తన్నాది సూడు." తెర మీద తన కళ్ళని వేలితో చూపించింది. "ఇది నానే. సెరపకు."

పోయినేడు మామ్మ పోయింది. రేపు ఏడాది కూడిక. నిన్న మా పెదనాన్న కొడుకు ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పెట్టాడు. ఆ స్టూడియో ఫోటోనే ఏదో యాప్‌లో వేసి నవ్వించాడు. ముడతల్లేవు. వరసగా తెల్లటి పళ్ళు... పైవి కూడా. కింద అందరివీ దండాలు, గుండె బొమ్మలు. "అమ్మ ఎంత సంతోషంగా ఉందో," అని మా మేనత్త.

నేను "ఈవిడెవరు?" అని రాశాను.

వెంటనే నాన్న ఫోన్. "నీకన్నిటికీ అనుమానమేనేటే? నవ్వుతా ఉంటే తప్పేటి?"

"నవ్వమంటే మామ్మ నవ్వేది కాదు నాన్నా. తాత ఫోటో గుర్తుందా?"

నాన్న గొంతు తగ్గించాడు. "ఫ్లెక్సీకి ఇచ్చేశామమ్మా," అన్నాడు.

తాత, మామ్మల కాలంలో ఒక మనిషికి ఒక్క ఫోటో ఉంటే గొప్ప. నవ్వు రాకపోతే రాలేదు, అలాగే ఉంచేవారు. ఇప్పుడు ఒక్కో ఫోన్లో వేల మొహాలు... అందరూ నవ్వుతున్నారు, అందరి చర్మమూ ఒక్కలాగే. నేను ప్రతిదాన్నీ వేళ్ళతో పెద్దది చేసి పళ్ళు చూస్తున్నాను.

మీ ఇంట్లో ఎవరికీ నచ్చకపోయినా, ఎలాగో చెరిగిపోకుండా మిగిలిన ఫోటో ఉందా? అందులో ఎవరున్నారు? ఎవరిని అలా చూస్తున్నారు? కింద పెట్టండి.

నాది ప్రింటు వేయించాను. పాత ఫోన్‌ది కదా, మసకగానే ఉంది, కళ్ళు మాత్రం తెలుస్తున్నాయి. ఫ్రేము కట్టించడం కూడా అయిపోయింది. రేపు పొద్దున్నే నేనుంటున్న విజయనగరంలో బస్సెక్కి ఊరెళ్తాను. కూడికలో బల్ల మీద అదే పెడతాను.