కళ్ళు పచ్చబడనివారు

1994 వేసవిలో తెనాలిలోని ఒక ఆస్పత్రి రక్తనిధికి వైద్యాధికారిణిగా చేరాను. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటిదాన్ని కావడం వల్ల నిబంధనలంటే నాకు భక్తి. హెపటైటిస్ బి పరీక్ష చేయనిదే ఏ దాత రక్తాన్నీ వార్డుకు పంపేదాన్ని కాదు.

పెనుమూడి నుంచి లక్ష్మి అనే నిండు గర్భిణి సిజేరియన్‌కు వచ్చింది. రక్తమిస్తానని ముందుకొచ్చిన ఆమె అన్న పోతురాజు పడవ నడుపుతాడు, దృఢకాయుడు. అతని రక్తంలో ఆ వైరస్ పైపొర పదార్థం కనిపించింది. అది కాలేయానికి పట్టే కామెర్ల వైరస్ అని, అతని రక్తం తీసుకోలేమని చెప్పాను.

"కామెర్లయితే కళ్ళు పచ్చబడాలి గదండీ! నా కళ్ళు చూడండి డాక్టరమ్మా," అన్నాడు.

పక్కనే ఉన్న లక్ష్మి భర్త నాంచారయ్య, చేపల వ్యాపారి, నవ్వాడు. "నీ రక్తం కూడా నీలాగే పనికిరాదంట బావా! నాకు చూడు, పెళ్ళయిన ఏడాదే కామెర్లొచ్చాయి. పసరు తాగా, పోయాయి."

ఆ మాట నన్ను ఆలోచనలో పడేసింది. రక్తం మరో దాత నుంచి సమకూర్చి, భార్యాభర్తలిద్దరికీ పరీక్ష చేశాను. ఏనాడూ కామెర్లు రాని లక్ష్మికి వైరస్ ఉంది. కామెర్లొచ్చి తగ్గిన నాంచారయ్యకు లేదు.

ఈ జబ్బులో కాలేయం దెబ్బతినేది ప్రధానంగా మన రక్షణ వ్యవస్థ చేసే దాడివల్ల. వైరస్ చేరిన కణాలను అది చంపుతుంది. పెద్దయ్యాక, బహుశా భార్య నుంచి, సోకిన నాంచారయ్యలో ఆ దాడి జరిగింది, కళ్ళు పచ్చబడ్డాయి, వైరస్ తొలగింది. అన్నాచెల్లెళ్ళకు బహుశా పుట్టుకలోనే తల్లి నుంచి సోకింది. పసికందు శరీరం దాన్ని పరాయిదిగా ఎంచక ఊరుకుంటుంది. పైగా వైరస్ ఖాళీ పైపొరలను రక్తంలోకి కుప్పలుగా వదులుతుంది. యాంటీబాడీలు వాటికే ఖర్చయిపోతాయి.

పుట్టబోయే బిడ్డకూ అదే జరిగే ప్రమాదముంది. మొదటి రోజే టీకా పడాలి. అది అప్పుడు గుంటూరులో దొరికేది. చల్లగా తెమ్మని నాంచారయ్యను పంపాను. అతను చేపల పెట్టెలో ఐసుకు ఉప్పు కలిపి, నడుమ మందు బుడ్డిని పాతిపెట్టి తెచ్చాడు. ఉప్పు కలిస్తే ఐసు సున్నా డిగ్రీల కంటే కిందికి చల్లబడుతుంది, మందు గడ్డకట్టింది. గడ్డకడితే ఈ టీకా పనిచేయదు.

"చెడిపోకూడదనే గదండీ ఉప్పేశా!"

"ఇది చేప కాదయ్యా," అన్నాను.

అతను మళ్ళీ గుంటూరు బస్సెక్కాడు. మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. సాయంత్రానికి అతను ఐసు తగలకుండా గుడ్డ చుట్టిన బుడ్డితో వచ్చాడు. టీకా వేశాం. మిగతా మోతాదులు కూడా పడ్డాక, ఏడాదికి చేసిన పరీక్షలో బిడ్డకు వైరస్ లేదు.

రోగలక్షణం చాలాసార్లు శరీరం చేసే పోరాటానికి గుర్తు. అది కనబడనంత మాత్రాన ఆరోగ్యమని రాయకూడదని అప్పుడు తెలుసుకున్నాను. పదవీ విరమణ దాకా నా దగ్గరికి వచ్చిన ప్రతి గర్భిణికీ ఆ పరీక్ష చేయించాను.